తడి ఎక్కడ మొదలైంది: పాత కార్వెట్ గేర్‌బాక్స్ కూలర్ ఫిట్టింగు

(డాలస్ పరిసరాల్లోని ఒక గ్రంథాలయ మందిరంలో, పాత కార్ల మీద ఆసక్తి ఉన్న తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. వక్త బల్ల మీద కొన్ని విడిభాగాలు, కోసిన గొట్టపు ముక్కలు ఉంచి మాట్లాడారు.)

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీదున్న ఇత్తడి ముక్కను, అంటే కూలర్ ఫిట్టింగును, ముందు ఒకసారి చూడండి. బొటనవేలి పై కణుపంత ఉంటుంది, అంతే. దీని ఒక కొస గేర్‌బాక్సులోకి బిగుసుకుంటుంది. రెండో కొసకు రేడియేటరు నుంచి వచ్చే ఇనుప గొట్టం కలుస్తుంది. ఈ ఒక్క ముక్క తప్పుగా బిగించి ఉండటం వల్ల నా కారు రెండేళ్లపాటు ఆయిల్ కార్చింది. ఆ రెండేళ్లలో రెండుసార్లు డబ్బు పెట్టి, అసలు తప్పు లేని చోట బాగు చేయించాను. ఈ రోజు నేను మాట్లాడేది ఆ కారు గురించి కొంత, ఈ ముక్క గురించి చాలా.

నా కారు 1979 కార్వెట్, అంటే షెవ్రొలే వాళ్ల రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. కార్వెట్‌లు అత్యధికంగా తయారైన సంవత్సరం అదే: 53,807. అన్నీ సెయింట్ లూయిస్ కర్మాగారంలో తయారైనవే. అందువల్ల అది అపురూపమైన కారేమీ కాదు. విడిభాగాలు ఈనాటికీ దొరుకుతాయి. ఒళ్లంతా ఫైబర్‌గ్లాస్. 5.7 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, వెనక టర్బో హైడ్రామాటిక్ 350 అనే మూడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఆ గేర్‌బాక్సును షెవ్రొలే వాళ్లు కుటుంబ కార్లలో, ట్రక్కుల్లో కూడా లక్షల్లో వాడారు. గట్టి పిండం. సరైన ఆయిల్, సరైన మట్టంలో, సరైన వేడిలో ఉంటే చాలు, దశాబ్దాలు పనిచేస్తుంది.

ఆ వేడి సంగతి చెబితే గానీ కూలర్ ఎందుకో అర్థం కాదు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో క్లచ్ పెడలు ఉండదు. ఇంజనుకూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఒకే కుండలో రెండు కవ్వాలు ఎదురెదురుగా ఉన్నాయనుకోండి. ఒకదాన్ని తిప్పితే మజ్జిగ తిరుగుతుంది, తిరిగే మజ్జిగ రెండో కవ్వాన్ని తిప్పుతుంది. మొదటి కవ్వం ఇంజనుది, రెండోది గేర్లది, మజ్జిగ స్థానంలో ఎర్రటి ఆయిల్. రెండో కవ్వం ఎప్పుడూ మొదటిదానికంటే కొంచెం వెనకబడే ఉంటుంది. ఆ వెనకబాటంతా వేడిగా మారుతుంది. తరువాతి కాలపు గేర్‌బాక్సుల్లో వేగం అందుకున్నాక ఆ రెంటినీ నేరుగా కలిపివేసే క్లచ్ పెట్టారు. నా కారులో అది లేదు. రోడ్డు మీద ఉన్నంతసేపూ ఆయిల్ చిలుకుడు పడుతూనే ఉంటుంది.

ఆ ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటే హాయిగా ఉంటుంది. 120 దాటిందంటే త్వరగా చెడుతుంది, రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. అందుకే కన్వర్టర్ నుంచి బయటికి వచ్చే వేడి ఆయిల్‌ను ఒక గొట్టం గుండా ముందున్న రేడియేటరుకు పంపిస్తారు. రేడియేటరు పక్క తొట్టిలో, నీళ్లలో మునిగి ఒక చిన్న గొట్టం ఉంటుంది, అదే కూలర్. దాని లోపల ఆయిల్ పారుతుంది, బయట నీళ్లు పారుతాయి. రెండూ కలవవు, వేడి మాత్రం చేతులు మారుతుంది. చల్లబడిన ఆయిల్ ఇంకో గొట్టంలో తిరిగి గేర్‌బాక్సుకు వస్తుంది.

తిరిగి వచ్చాక ఏం చేస్తుందన్నది చాలామందికి తెలియదు, నాకూ చాలాకాలం తెలియదు. అది నేరుగా గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే పళ్లెంలోకి పోదు. ముందు లోపలి బుషులకు (ఇరుసులు తిరిగే లోహపు గాజులు), గేర్లకు చమురు అందించేది అదే. కాబట్టి ఆ దారిలో ఏదైనా అడ్డుపడితే గేర్‌బాక్సు వేడెక్కడమే కాదు, లోపల ఎండిపోతుంది కూడా. ఈ విషయం గుర్తుంచుకోండి, తెల్ల టేపు గురించి చెప్పేటప్పుడు మళ్లీ వస్తాను.

ఇప్పుడు లీకు దగ్గరికి. కారు కొన్న మొదటి వేసవిలోనే షెడ్డులో నేల మీద కాసంత ఎర్ర మరక కనిపించింది. నెల తిరిగేసరికి అది టీ సాసరంత అయింది. కారు కింద ఎర్ర మరక కనిపిస్తే గేర్‌బాక్సు ఆయిలే అనుకుంటాం. ఆ కాలపు కార్వెట్‌లో అలా తొందరపడకూడదు. పవర్ స్టీరింగుకు ముందు వైపున విడిగా ఒక కంట్రోల్ వాల్వూ, ఒక సిలిండరూ వేలాడుతూ ఉంటాయి. అవి కారడం ఆ కార్లకు మామూలే. పాత యజమానులు స్టీరింగులో కూడా ఎర్ర ఆయిలే పోసి ఉండవచ్చు. మరక ముందు చక్రాల మధ్య ఉందా, సీట్ల కింద ఉందా అన్నది మొదట చూడవలసింది. నాది కుడివైపు సీటుకు కొంచెం ముందు, గేర్‌బాక్సు పళ్లెం మూల కింద.

పళ్లెం మూల నుంచి చుక్కలు పడుతుంటే ఎవరైనా ఏమంటారు? పళ్లెం గాస్కెట్, అంటే పళ్లెం అంచు సందును మూసే మెత్తటి పొర, పోయిందంటారు. దగ్గరలోని ఒక వర్క్‌షాపులో అదే అన్నారు, మార్చారు. నెల రోజుల తరువాత మళ్లీ మరక. రెండోసారి ఇంకాస్త మందమైన గాస్కెట్ వేశారు. మళ్లీ మరక. వాళ్ల మీద నాకు కోపం లేదు. కనిపించిన చోట బాగు చేశారు.

మా నాన్న కృష్ణా జిల్లాలో రైస్ మిల్లులో ఫిట్టరు. మిల్లు ఇంజను ఎక్కడ కారినా ఆయన ముందు పానా పట్టుకునేవారు కాదు. గుడ్డ, కిరోసిన్ డబ్బా పట్టుకునేవారు. మొత్తం కడిగి, ఆరబెట్టి, ఇంజను నడిపించి, పక్కన కూర్చుని చూసేవారు. "తడి ఎక్కడుందో కాదురా, ఎక్కడ మొదలైందో చూడాలి" అనేవారు. చిన్నప్పుడు అది నాకు పట్టని మాట. షెడ్డులో కారు కింద వెల్లకిలా పడుకుని, మూడో గాస్కెట్ కొనాలా అని ఆలోచిస్తుంటే గుర్తొచ్చింది.

ఆయన చేసినట్టే చేశాను. జాకీ మీద ఎత్తిన కారు కిందికి ఎప్పుడూ వెళ్లకండి, ఇది మాత్రం ఒకటికి రెండుసార్లు చెబుతాను. జాకీ ఎత్తడానికే. కారు నిలవవలసింది స్టాండుల మీద, గట్టి కాంక్రీటు మీద, చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి. ఎక్కించాక పక్క నుంచి చేత్తో గట్టిగా కదిపి చూసి, కదలకపోతేనే కిందికి దూరాలి. గేర్‌బాక్సు కుడి పక్కనంతా మురికి పోగొట్టే ద్రవంతో కడిగాను. ఎండాక పాదాలకు చల్లుకునే పొడి చల్లాను. పొడి తెల్లగా పట్టుకుంటుంది, ఆయిల్ తగిలిన చోట ఎర్ర చార పడుతుంది. ఇరవై మైళ్లు తిప్పి వచ్చి, ఎగ్జాస్టు చల్లారే దాకా ఆగి చూశాను.

పళ్లెం గాస్కెట్ చుట్టూ మూడు పక్కలా పొడి పొడిగానే ఉంది. కుడివైపు మాత్రం పైనుంచి ఒక సన్నటి ఎర్ర చార దిగింది. చార వెంట పైకి చూస్తే, గేర్‌బాక్సు పక్కన ఒకదానిపై ఒకటిగా ఉండే రెండు కూలర్ ఫిట్టింగుల్లో పైది. అంటే చల్లబడి తిరిగి వచ్చే గొట్టానిది. అక్కడ ఊరిన ఆయిల్, గేర్‌బాక్సు బయటి పెట్టె ఒడ్డు మీదుగా జారి, పళ్లెం అంచు పట్టుకుని, మూలకు వచ్చి చుక్కగా రాలుతోంది. కారు నడుస్తున్నప్పుడు గాలి దాన్ని వెనక్కి కూడా నెడుతుంది. అందువల్ల చూడవలసింది తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనున్నది, అన్నిటికంటే ముందున్నది. కింద ఉన్న తడంతా దాని పిల్లలే.

చోటు తెలియగానే చేయి పానా మీదికి పోతుంది. కొంచెం బిగిస్తే ఆగిపోదా? నేనూ బిగించాను. కారడం తగ్గలేదు, కొంచెం పెరిగింది. అప్పుడు పానా కింద పెట్టి, ఈ అతుకులో ఆయిల్‌ను ఆపుతున్నది ఏ ముఖమో అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఈ ప్రసంగంలో నేను మీకు ఇవ్వాలనుకున్నది ఆ ఆలోచనే, కాబట్టి ఇక్కడ కొంచెం తీరిగ్గా చెబుతాను.

గొట్టాలను కలిపే పద్ధతులు చూడటానికి ఒకలా ఉంటాయి, పనిచేయడంలో ఒకదానికొకటి పొంతన ఉండదు. ఒక రకంలో మర, అంటే తిప్పి బిగించే చుట్లు, కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. సీసా బిరడాలా, లోపలికి పోయేకొద్దీ బిగుసుకుంటుంది. అక్కడ ఆపేది మరే. మన ఇళ్లలో కుళాయి గొట్టాలు ఇలాంటివే, వాటికి నార గానీ తెల్ల టేపు గానీ చుడతాం, ఎందుకంటే మర చుట్ల మధ్య మిగిలే సందును ఏదో ఒకటి పూడ్చాలి. రెండో రకంలో మర మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. ఆ మర ఆయిల్‌ను ఆపదు, ఆపాలని కూడా లేదు. అది చేసేది ఒక్కటే, ఫిట్టింగు భుజాన్ని లోహపు వాషరు మీదికి నొక్కి పట్టడం. ఆపేది ఆ వాషరు. మూడో రకంలో గొట్టం మూతిని ఉమ్మెత్త పువ్వులా విప్పుతారు. ఆ విప్పిన అంచు ఫిట్టింగు లోపలి శంకువు మీద కూర్చుంటుంది, నట్టు వెనకనుంచి నొక్కుతుంది. ఆపేది ఆ రెండు లోహ ముఖాల కలయిక. దీన్ని ఫ్లేర్ అంటారు.

నా గేర్‌బాక్సు అల్యూమినియం పెట్టెలో ఉన్న రంధ్రం రెండో రకం. పావు అంగుళం గొట్టపు కొలత, అంగుళానికి 18 చుట్లు, తిన్నటి మర. ఆ కుటుంబపు గేర్‌బాక్సులు చాలావాటిలో అంతే. దానికి వాషరు వేసిన ఫిట్టింగు ఉండాలి. నాకన్నా ముందు ఎవరో అందులో మొదటి రకం ఫిట్టింగు, అంటే సన్నబడే మర ఉన్నదాన్ని తిప్పి, తెల్ల టేపు చుట్టి బిగించారు. చుట్లు లెక్కకు సమానమే కాబట్టి మొదట రెండు మూడు తిరుగుళ్లు సాఫీగా పోతుంది. ఆ తరువాత మొదటి చుట్ల దగ్గర పట్టుకుంటుంది, లోపల ఖాళీగానే మిగులుతుంది. దాన్ని ఇంకా బిగిస్తే ఏమవుతుంది? చీలను దుంగలో దిగ్గొట్టినట్టు, ఇత్తడి అల్యూమినియాన్ని బయటికి తోస్తుంది. పెట్టె పగులుతుంది. పగిలిందంటే గేర్‌బాక్సు దింపి పెట్టె మార్చవలసిందే. నేను బిగించినప్పుడు కారడం పెరగడానికి కారణం అదేనేమోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక తెల్ల టేపు. ఇంట్లో కుళాయి బాగుచేసిన ప్రతి చేతికీ అది అలవాటు. కానీ ఆయిల్ తిరిగి వచ్చే రంధ్రం ఇది. టేపు పోగు ఒకటి తెగి లోపలికి పోతే అది పోయేది బుషులకు ఆయిల్ ఇచ్చే సన్నని దారుల్లోకి. ఇందాక గుర్తుంచుకోమన్నది దీని కోసమే. ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు సంబంధించిన ఏ మర మీదా నేను టేపు వాడను. రేడియేటరు వైపు సన్నబడే మర నిజంగా ఉంటే, ఆయిల్‌కు తట్టుకునే ముద్ద సీలెంటు కొద్దిగా, మొదటి రెండు చుట్లు వదిలేసి రాస్తాను. ఫ్లేర్ ముఖం మీదయితే టేపూ వద్దు, ముద్దా వద్దు. రెండు లోహ ముఖాల మధ్య ఏది దూరినా అవి కలవకుండా అడ్డుకుంటుంది.

విప్పే పని ఒక శుక్రవారం రాత్రి మొదలైంది. తుప్పు వదిలించే ఆయిల్ నట్టు మీద చల్లి, తెల్లవారే దాకా వదిలేశాను. దీనికి మామూలు పానా పనికిరాదు. మామూలు పానా నట్టును రెండు పలకల మీద మాత్రమే పట్టుకుంటుంది. మెత్తటి నట్టు అయితే మూలలు అరిగి గుండ్రమైపోతుంది. గొట్టపు నట్ల కోసం ప్రత్యేకంగా ఒక పానా ఉంటుంది, ఇదిగో. ఉంగరంలా ఉంటుంది, గొట్టం దూరడానికి ఒక పక్క చిన్న కోత. ఇది దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. ఒక చేత్తో ఫిట్టింగును వేరే పానాతో కదలకుండా పట్టి, రెండో చేత్తో నట్టు తిప్పాలి. ఎప్పుడూ రెండు పానాలే.

రేడియేటరు వైపు అయితే ఈ రెండో పానా మరీ ముఖ్యం. అక్కడ ఫిట్టింగు తొట్టి గోడకు, లోపలి కూలరు గొట్టానికి అతికి ఉంటుంది. పట్టుకోకుండా నట్టు తిప్పితే ఆ అతుకు మెలిపడి చిట్లుతుంది. బయటికి ఏమీ కనిపించదు. లోపల నీళ్లు ఆయిల్‌లో, ఆయిల్ నీళ్లలో కలుస్తాయి. నాలుగు రోజుల తరువాత డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద గులాబీ రంగు మీగడ కనిపిస్తుంది. గేర్‌బాక్సులోని క్లచ్ పలకల మీద అంటించిన పొర కాగితం జాతిది. నీళ్లు, రేడియేటరు నీళ్లలో కలిపే గ్లైకాల్ తగిలితే ఉబ్బుతుంది, జిగురు వదిలేస్తుంది. ఒక చుక్క లీకు ఆపబోయి గేర్‌బాక్సునే పోగొట్టుకునే దారి ఇది.

నా నట్టు కదిలింది గానీ, దానితోపాటు గొట్టమూ తిరగడం మొదలైంది. తుప్పుతో రెండూ కరుచుకున్నాయి. ఇంకో పావు చుట్టు తిప్పితే తడిబట్ట పిండినట్టు గొట్టం మెలితిరిగేది. అక్కడ ఆగాను. గొట్టాన్నే నట్టు వెనక కోసేశాను. అదృష్టవశాత్తూ గేర్‌బాక్సు దగ్గర ఆ గొట్టానికి పెద్ద వంపు ఉంది, కాబట్టి ఒక అంగుళం పోయినా అందుతుంది.

ఇత్తడి ఫిట్టింగు ఊడి వచ్చాక మొదట చేసిన పని, రంధ్రం చుట్టూ తుడిచి, దీపం పెట్టి, భూతద్దంతో చూడటం. పగులు లేదు. మొదటి రెండు చుట్లు కొంచెం నలిగాయి, తక్కినవి బాగున్నాయి. లోపల గుడ్డపీలిక అడ్డం పెట్టి టేపు తునకలన్నీ పట్టకారుతో ఒక్కొక్కటిగా ఏరాను. మొత్తం పదకొండు, ఈ చిన్న సీసాలో ఉన్నాయి చూడండి. పీలిక బయటికి తీయడం మాత్రం మరిచిపోకూడదు. దానికి ఎర్ర దారం కట్టి బయట వేలాడదీశాను.

తరువాత కొత్త ఫ్లేర్. మిగతా పనంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. గొట్టం 5/16 అంగుళాలది, అంటే దాదాపు 8 మిల్లీమీటర్లు. ఉక్కుది. రంపంతో కోయకూడదు, చక్రం ఉన్న కట్టరుతో గుండ్రంగా తిప్పుతూ కోయాలి. లోపలి అంచు గీరి, బయటి అంచు కొద్దిగా వాలుగా రాయాలి. అన్నిటికంటే ముందు కొత్త నట్టును గొట్టంలోకి ఎక్కించుకోవాలి. ఫ్లేర్ వేశాక నట్టు ఎక్కదు. ఉక్కు గొట్టానికి ఒకే మడత ఫ్లేర్ చాలదు, అంచు చీలుతుంది. మొదట అంచును లోపలికి ముడిచి, తరువాత శంకువుతో విప్పాలి. అప్పుడు అంచు రెండు పొరలవుతుంది. దీన్ని రెండు మడతల ఫ్లేర్ అంటారు.

నేను ఈ పని నేర్చుకున్నది వృథా గొట్టం మీద. పద్నాలుగు ముక్కలు వేశాను. వాటిలో కొన్ని వంకరగా వచ్చాయి, రెండు చీలాయి. పద్నాలుగోదాన్ని నిలువునా రంపంతో కోసి లోపల చూశాను, పొరలు రెండూ అంటుకుని ఉన్నాయా లేదా అని. ఆ కోసిన ముక్క ఇక్కడే ఉంది. చూడటానికి చాలా అందంగా ఉంటుంది.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. పాత అమెరికన్ కార్ల ఫ్లేర్ వాలు 45 డిగ్రీలు. రేసు కార్లకు, విమానాలకు వాడే ఫిట్టింగుల వాలు 37 డిగ్రీలు. ఇప్పుడు మార్కెట్లో మెరిసే రంగుల్లో దొరికే అల్యూమినియం ఫిట్టింగులు చాలావరకు ఈ రెండో రకానివి. కొన్ని కొలతల్లో నట్టు మర కూడా సరిపోతుంది, చేతికి తేడా తెలియదు. ఎనిమిది డిగ్రీల తేడాతో రెండు ముఖాలు ఒక సన్నని గీత మీద మాత్రమే తగులుతాయి. మొదటి రోజు ఆగినట్టే ఉంటుంది. నాకు ఆ అందమైన నీలి ఫిట్టింగులంటే మోజు లేకపోలేదు. కానీ ఉక్కు గొట్టం 45 డిగ్రీలదయినప్పుడు ఇత్తడి ముక్కే దానికి జోడు.

బిగింపు గురించి. కొత్త ఫిట్టింగు, కొత్త వాషరు, చేత్తో చివరి దాకా తిప్పాను. చేత్తో తిరగకపోతే మర అడ్డం పడిందని అర్థం, అప్పుడు పానా ముట్టకూడదు. వాషరు తగిలాక సర్వీసు పుస్తకం చెప్పినంతే బిగించాను. అల్యూమినియంలో అంతకు మించి ఒక్క పట్టు వద్దు. నట్టు కూడా చేత్తోనే. ఫ్లేర్ కూర్చున్న తరువాత పానాతో ఆరో వంతు చుట్టు, వదులు చేసి, మళ్లీ ఆరో వంతు. అలా చేస్తే ఉక్కు అంచు ఇత్తడి శంకువు మీద తన చోటు తాను చేసుకుంటుంది.

ఇంత చేశాక కూడా ఒక ప్రశ్న మిగిలింది. టేపు చుట్టిన ఆ తప్పుడు ఫిట్టింగు ఎన్నాళ్లో ఆగి, నా దగ్గరికొచ్చాకే ఎందుకు కారింది? గొట్టం పొడవునా చేత్తో తడిమితే తెలిసింది. గొట్టాన్ని ఇంజను పక్కన పట్టి ఉంచే రేకు క్లిప్పు లేదు. ఇంజను, గేర్‌బాక్సు రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఊగుతూ ఉంటాయి. రేడియేటరు ఫ్రేముకు స్థిరంగా ఉంటుంది. మధ్య గొట్టానికి ఆ వంపులు అందుకే, ఊపును మింగడానికి. క్లిప్పు లేని గొట్టం ఆ అదురునంతా తీసుకుపోయి కొసన ఉన్న ఫిట్టింగుకు అప్పగించింది. చిన్న క్లిప్పు, రబ్బరు తొడుగుతో, కొత్తది పెట్టాను. గొట్టం ఎగ్జాస్టుకు తగలకుండా వేలెడు ఎడం ఉండేలా చూశాను. ఎగ్జాస్టు మీద ఆయిల్ పడితే మొదట పొగ వస్తుంది. ముదిరితే మంట. ఫైబర్‌గ్లాస్ కారుకు మంట అంటుకుంటే మిగిలేది ఇంజనూ ఫ్రేమూ మాత్రమే. చుక్కే కదా అని మీలో ఎవరూ వదిలేయకండి, దయచేసి.

ఆయిల్ సంగతి కూడా ఒక మాట. ఈ ఎర్ర ఆయిల్‌లో 1970ల మొదటి దాకా స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. వేడికి తట్టుకుంటూ జారుడు ఇవ్వడంలో దానికి సాటి దొరకలేదట. వేట వల్ల ఆ తిమింగలాలు అంతరించే దాకా పోవడంతో అమెరికా ఆ నూనెను నిషేధించింది. బదులు రసాయనాలు వెతుక్కోవలసి వచ్చింది. అలా వచ్చిన కొత్త ఆయిళ్లలో ఒక రకం కూలర్లలోని లోహపు అతుకులను తినివేస్తోందని తేలి, దాన్ని మళ్లీ మార్చారు. నా షెడ్డులో ఆ ఎర్ర మరక తుడిచేటప్పుడల్లా నాకు ఆ జంతువులు గుర్తొస్తాయి. ఒక గేర్‌బాక్సు సాఫీగా తిరగడానికి సముద్రంలో ఎంత జరిగిందో!

ఆయిల్ మట్టం చూడటం ఈ గేర్‌బాక్సులో ఇలా: చదును నేల మీద, ఇంజను నడుస్తూ, పార్క్‌లో, ఆయిల్ వేడెక్కాక. డిప్‌స్టిక్ మీద కింది గీతకూ పై గీతకూ తేడా అర లీటరు కంటే తక్కువే. కొంచెం కొంచెం పోయాలి. ఎక్కువైతే నురుగు వస్తుంది, నురుగును పంపు లాగలేదు. పొడి మళ్లీ చల్లాను, మళ్లీ ఇరవై మైళ్లు. తెల్లగానే ఉంది. కారిన ఆయిల్ డబ్బాలో పట్టి విడిభాగాల దుకాణానికి ఇచ్చాను, వాళ్లు తీసుకుంటారు. మురుగులో పోయకండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: లీకు ఆపే మందులు సీసాల్లో దొరుకుతాయి కదండీ, అవి పోస్తే సరిపోదా?

ఆ మందులు చేసేది రబ్బరు సీళ్లను కొద్దిగా ఉబ్బించడం, మెత్తబరచడం. పాతబడి గట్టిపడిన రబ్బరు దగ్గర కారుతుంటే కొంతకాలం ఉపయోగపడవచ్చు. మనం ఇంతసేపు మాట్లాడిన అతుకులో రబ్బరే లేదు. ఇత్తడి, అల్యూమినియం, ఉక్కు. వాటిని ఏ మందూ ఉబ్బించలేదు. కారే చోట ఆపుతున్నది ఏ ముఖం అని అడిగితే ఈ ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది.

ప్రశ్న: అన్నగారూ, ఇంత కష్టపడి ఉక్కు గొట్టానికి ఫ్లేర్ వేసే బదులు రబ్బరు గొట్టం పెట్టి క్లాంపు బిగించవచ్చు కదా?

పెట్టేవాళ్లున్నారు, తమ్ముడూ. పెట్రోలు గొట్టం మాత్రం వద్దు, వేడి గేర్‌బాక్సు ఆయిల్‌కు అది మెత్తబడుతుంది. గేర్‌బాక్స్ కూలర్ల కోసమే తయారైన గొట్టం ఉంటుంది, దాని మీద ఆ సంగతి అచ్చువేసి ఉంటుంది. లోహపు గొట్టం కొసన చిన్న ఉబ్బు చేయాలి, లేకపోతే జారిపోతుంది. జారిందంటే చుక్కలు కాదు, నిమిషాల్లో గేర్‌బాక్సు ఖాళీ. నా కారులో ఎగ్జాస్టు అంత దగ్గరగా ఉన్నప్పుడు నేను రబ్బరుకు ఒప్పుకోలేను.

ప్రశ్న: లోపలి కూలరు చిట్లలేదని మీకెలా తెలిసింది?

మంచి ప్రశ్న అమ్మా. రేడియేటరు వైపు గొట్టాలు రెండూ విప్పి, ఒక ఫిట్టింగును మూసి, రెండోదానికి చేతి పంపుతో తక్కువ ఒత్తిడిలో గాలి పెట్టాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి నీళ్లు చూస్తూ అరగంట కూర్చున్నాను. బుడగలు రాలేదు, పంపు మీద ఒత్తిడి చూపే ముల్లు కదలలేదు. విప్పేటప్పుడు, బిగించేటప్పుడు రెండో పానా పట్టుకోవాలి, అది మరవకండి.

పాత ఫిట్టింగు, కొత్తది, కోసిన ఫ్లేరు, చీలిన రెండు ముక్కలు ఇక్కడే ఉంటాయి. పిల్లలను కూడా తీసుకురండి, చేత్తో పట్టుకుని చూడనివ్వండి. పాతదాని మర మీద వేలు పైనుంచి కిందికి నడిపితే సన్నబడటం తెలుస్తుంది. కొత్తదాని మీద తెలియదు.